చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగొచ్చా?

ప్రశ్న: మా అన్నయ్యకు 41 ఏళ్లు. ఏడాదిగా వ్యాపారం దెబ్బతిని అప్పుల్లో ఉన్నాడు. రెండు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు, తాగుడు పెరిగింది. పోయిన వారం ఫోన్‌లో 'నేను లేకపోతే మీ అందరికీ బరువు తగ్గుతుంది' అన్నాడు. నేను ఏడ్చేసరికి 'ఊరికే అన్నాలే, మీ వదినకు చెప్పకు' అని ఒట్టు పెట్టించుకున్నాడు. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న కెమెరాను మొన్న మా అబ్బాయికి ఇచ్చేశాడు. సూటిగా అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినట్టు అవుతుందేమో. శనివారం మా ఇంటికి వస్తున్నాడు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే పోలీసులు వస్తారా? నేను ఏం చేయాలి? — ఒక చెల్లెలు

సమాధానం: శనివారం దాకా ఆగకండి. ఈ రోజే వెళ్లి కలవండి. వెళ్లే వీలు అస్సలు లేకపోతే ఫోన్‌లోనైనా ఈ రోజే అడగండి. మీరు రాసిన నాలుగు సంగతులు (నిద్ర లేకపోవడం, తాగుడు పెరగడం, తాను అందరికీ బరువని అనడం, ప్రాణంగా చూసుకున్న వస్తువును ఇచ్చేయడం) విడివిడిగా అయితే ఏదో ఒక కారణం చెప్పుకోవచ్చు. అన్నీ ఒకే మనిషిలో, కొద్ది వారాల్లో కనిపిస్తే వాటిని ప్రమాద సూచనలుగానే తీసుకోవాలి.

అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. దీన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. 13 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2014లో వచ్చింది. అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరిగినట్టు ఎక్కడా తేలలేదు, కొందరిలో తగ్గినట్టే కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఆ ఆలోచన ఆయనలో ఇప్పటికే ఉంటే, దాన్ని ఒంటరిగా మోయడమే సగం నరకం. మీరు ఆ మాటను పైకి అన్నప్పుడు, దాని గురించి మాట్లాడటానికి ఒక మనిషి దొరికారని ఆయనకు తెలుస్తుంది.

అయితే ఎలా అడుగుతారన్నది ముఖ్యం. మన భాషలో ఈ ప్రశ్నను అడగకుండానే అడిగినట్టు చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. 'అలాంటి పిచ్చి ఆలోచనలేవీ లేవుగా?' అంటాం. ఆ చివరి 'గా' ఉంది చూశారా, అది 'లేవు' అన్న జవాబును మనమే ఆయన నోట్లో పెట్టడం. 'ఏమైనా చేసుకుంటావేమోనని నాకు భయంగా ఉంది' అంటే, మీ భయం తీర్చడానికి 'ఛ, అదేం లేదు' అనడం ఆయన బాధ్యత అయిపోతుంది. 'అఘాయిత్యం' అంటే తప్పు చేస్తున్నాడని ముందే తీర్పు చెప్పినట్టు. 'ఆత్మహత్యకు పాల్పడటం' కూడా అలాంటిదే. పాల్పడటం అనే మాట మనం నేరాలకు వాడేది, ఈ విషయంలో దాన్ని వదిలేయడమే మంచిది. సూటిగా, నెమ్మదిగా, మామూలు గొంతుతో ఇలా అడగండి: 'అన్నయ్యా, నువ్వు లేకపోతే బరువు తగ్గుతుందన్నావు. రాత్రుళ్లు నిద్ర ఉండటం లేదు. ఇంత కష్టంలో ఉన్నప్పుడు కొందరికి చనిపోవాలనిపిస్తుంది. నీకూ చనిపోవాలనిపిస్తోందా?' అడిగాక ఇంకేమీ మాట్లాడకండి. పదిహేను సెకన్ల మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. దాన్ని మాటలతో నింపేస్తే ఆయన జవాబు లోపలికి వెళ్లిపోతుంది.

ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడగాల్సిన పని లేదు. పక్కపక్కన నడుస్తూనో, కూర్చునో మాట్లాడితే మగవాళ్లు చాలామంది తేలికగా నోరు విప్పుతారు. పిల్లలూ, ఇతరులూ లేనిచోట, తర్వాత పనేదీ పెట్టుకోకుండా, కనీసం ఒక గంట చేతిలో ఉంచుకుని వెళ్లండి. తాగి ఉన్నప్పుడు అడిగితే సమాధానం నిలకడగా ఉండదు. కానీ తాగి ఉన్నప్పుడే ఆ మాట అన్నాడంటే తేలిగ్గా తీసుకోవడానికి అది కారణం కాదు. మద్యం ఆలోచనకు, చేతకు మధ్య ఉండే అడ్డును తగ్గిస్తుంది.

'అవును' అంటే మీ గుండె జారిపోతుంది. అది సహజం. అప్పుడు నోటికి వచ్చే మాటలు కొన్ని ఉంటాయి: 'పిల్లల ముఖమైనా చూడవా', 'ఇంతకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు బతకడం లేదా', 'నీకేం తక్కువ'. ఆయన ఇప్పటికే పిల్లలకు తను బరువనుకుంటున్నాడు. పిల్లల పేరెత్తితే ఆ తప్పు భావన ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు. వాదించి గెలవాల్సిన సమయం కాదిది. 'చెప్పినందుకు మంచిదైంది. ఎప్పటినుంచి ఇలా ఉంది?' అనండి. అప్పు ఎలా తీరుతుందో ఆ పూట తేల్చాల్సిన పని లేదు. ఆయన చెప్పేది వినండి, మధ్యలో మీరు విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి.

తర్వాత అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. కష్టంగా అనిపించినా అడగాలి, ఎందుకంటే ఈ రాత్రి ఏం చేయాలో వీటి జవాబులే చెబుతాయి. ఎలా చేయాలో ఆలోచించావా? అందుకు ఏదైనా దగ్గర పెట్టుకున్నావా? ఎప్పుడని అనుకున్నావా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా? ఈ రోజు ఏమైనా చేసుకున్నావా? పద్ధతి వివరాలు తవ్వి అడగక్కర్లేదు. అది ఆయన చేతికి అందుబాటులో ఉందో లేదో తెలిస్తే చాలు.

బతకాలని లేదు కానీ ఎలా, ఎప్పుడు అన్నది ఏమీ అనుకోలేదంటే, ఒకటి రెండు రోజుల్లో డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి, ఆలోపు రోజూ ఎవరో ఒకరు కలుస్తూ ఉండాలి. పద్ధతి అనుకున్నాడు, సాధనం దగ్గరుంది, లేదా రోజు అనుకున్నాడు అంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. అప్పుడే ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఆయన రానంటే ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ చేయాలి. ఇప్పటికే ఏదైనా మింగాడని తెలిస్తే, మనిషి మామూలుగా కనిపిస్తున్నా వెంటనే అంబులెన్స్ పిలవండి. కొన్ని పదార్థాలు మొదటి గంటల్లో పైకి ఏమీ చూపించవు. బలవంతంగా వాంతి చేయించకండి, ఖాళీ సీసాలు, స్ట్రిప్పులు ఏవి కనిపిస్తే అవి డాక్టర్‌కు చూపించడానికి వెంట తీసుకెళ్లండి.

ఇక ఒట్టు. దాన్ని తీసి గట్టు మీద పెట్టండి. మీ వదినకు తెలియకుండా ఆయన్ని కాపాడటం సాధ్యం కాదు, రాత్రి రెండు గంటలకు ఆ ఇంట్లో ఉండేది ఆవిడే. కానీ వెనక నుంచి చెప్పకండి. 'ఈ విషయం నాలో దాచుకోలేను అన్నయ్యా. వదినకు చెప్పాలి. నువ్వు చెబుతావా, నేను చెప్పనా, ఇద్దరం కలిసి చెబుదామా?' అని ఆయనతోనే అనండి. చెప్పాలా వద్దా అన్నది ఆయన చేతిలో పెట్టకండి, ఎలా చెప్పాలన్నది పెట్టండి. కోపం రావచ్చు. కోపం తగ్గించుకోవడానికి తర్వాత ఎంతో సమయం ఉంటుంది.

తర్వాత చెప్పేది ఈ జవాబులో అన్నిటికంటే ముఖ్యమని మా అభిప్రాయం. మీరు కాపాడాల్సింది ఆయన్ని జన్మంతా కాదు. గండం గడిచే కాసేపు. చనిపోవాలన్న తెగింపు రోజుల తరబడి ఒకే మట్టంలో ఉండదు. అలలా లేచి, తారస్థాయికి చేరి, దిగుతుంది. ఆస్ట్రియాలో ప్రయత్నం తర్వాత బతికిన 82 మందిని అడిగి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆ ఆలోచన రావడానికీ ప్రయత్నానికీ మధ్య 10 నిమిషాలకు మించి లేదని ఇంచుమించు సగం మంది చెప్పారు. ఆ పది నిమిషాల్లో చేతికి ఏం అందుతుందన్నదే ప్రాణాన్ని తేలుస్తుంది. 'ఒకటి దొరక్కపోతే ఇంకొకటి వెతుక్కుంటారులే' అన్న మాట వాస్తవం కాదు. అమెరికాలో రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు, చివరి క్షణంలో అడ్డుకున్న 515 మంది తర్వాత ఏమయ్యారో ఏళ్ల తర్వాత వెతికి 1978లో రాశాడు. పది మందిలో తొమ్మిది మందికి పైగా ఇంకా బతికే ఉన్నారు, లేదా సహజంగానే చనిపోయారు.

కాబట్టి ఇల్లు చూడండి. మందులు, పురుగుమందులు, ఆయుధాలు, ఆయన మనసులో పెట్టుకున్న సాధనం ఏదైనా సరే, ఇంట్లో దాచడం కాదు, ఇంట్లోంచి బయటకు వెళ్లిపోవాలి. దాచినవి వెతికితే దొరుకుతాయి, ఆ ఇంటి మూలలన్నీ ఆయనకు తెలుసు. మీ దగ్గరో, నమ్మకమైన మరో ఇంట్లోనో పెట్టండి. రోజూ వేసుకోవాల్సిన మందులుంటే వారానికి సరిపడా మాత్రమే ఇంట్లో ఉంచి, మిగతావి వదిన బయట పెట్టించాలి. డాక్టర్‌ను కూడా నెల మందులు ఒకేసారి రాయకుండా వారానికొకసారి రాయమని అడగొచ్చు. అమ్మానాన్నల మందులు, పాత ప్రిస్క్రిప్షన్‌వి మిగిలిపోయినవి మర్చిపోతుంటారు, అవే ఎక్కువ ఉంటాయి. మద్యం సీసాలు కూడా ఇదే జాబితాలోకి వస్తాయి. ఇదంతా దొంగతనంగా చేయకండి. 'కొన్నాళ్లు ఇవి నా దగ్గర ఉంచుతాను, నువ్వు తేరుకున్నాక తిరిగిస్తాను' అని ఆయనకు చెప్పి చేయండి. చాలామంది ఒప్పుకుంటారు. ఆ ఒప్పుకోవడంలో బతకాలనుకునే సగం మనసు బయటపడుతుంది.

మనసు కాస్త కుదుటపడిన పూట, ఆయనతో కూర్చుని ఒక కాగితం రాయించండి. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ పద్ధతిని సేఫ్టీ ప్లాన్ అంటారు. అరగంట, ముప్పావుగంట పని. రాసేది ఆయన చేతిరాతతో, ఆయన మాటల్లో ఉండాలి. మీరు రాసి ఇస్తే అది మీ కాగితం అవుతుంది, అవసరం పడ్డప్పుడు ఆయన దాన్ని తీయడు.

మొదటి వరుసలో, ఆ అల లేస్తోందని తనకు తెలిసే గుర్తులు. 'బాధగా ఉన్నప్పుడు' అని రాస్తే పనికిరాదు. 'అప్పిచ్చినవాళ్ల ఫోన్ వచ్చాక అద్దం ముందు నిలబడిపోయినప్పుడు', 'తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి లెక్కలు మొదలైనప్పుడు' అన్నంత నిర్దిష్టంగా ఉండాలి. రెండో వరుసలో, ఎవరూ లేకుండా తను ఒక్కడే చేయగలిగేవి: చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం, వీధి చివరిదాకా నడిచి రావడం, ఒక నిర్దిష్టమైన పాట. అర్ధరాత్రి కూడా చేయగలిగేవై ఉండాలి. మూడోది, కాసేపు ధ్యాస మళ్లించే మనుషులు, చోట్లు. ఇక్కడ తన బాధ చెప్పుకోనక్కర్లేదు, జనంలో ఉంటే చాలు. నాలుగోది, 'నాకు బాగోలేదు, రా' అని సూటిగా చెప్పగలిగే ఇద్దరు ముగ్గురు, వాళ్ల నంబర్లు. అయిదోది, డాక్టర్, హెల్ప్‌లైన్, దగ్గర్లోని ఎమర్జెన్సీ. ఆరోది, ఇందాక చెప్పిన సాధనాలు ఎవరి దగ్గర ఉన్నాయో. ఒక మెట్టు పనిచేయకపోతే తర్వాతిదానికి వెళ్లాలి. ప్రమాదం దగ్గర్లో ఉంటే మెట్లన్నీ వదిలేసి నేరుగా అయిదోదానికి.

ఈ కాగితం విఫలమయ్యే చోట్లు మూడు. మొదటిది, నాలుగో వరుసలో పేరున్న మనిషికి తన పేరు అక్కడుందని తెలియదు. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తడు. ఆ మనిషిని ముందే అడగండి. రెండోది, నంబర్లు కాగితం మీద ఉంటాయి కానీ ఫోన్‌లో ఉండవు. కాగితాన్ని ఫొటో తీసి ఫోన్ మొదటి తెర మీద పెట్టించండి. మూడోది, ఒకసారి రాసి సొరుగులో పడేయడం. రెండు వారాలకోసారి తీసి, పనిచేయని వరుసను కొట్టేసి కొత్తది రాయాలి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు అయిదింటిలో ఈ కాగితంతో పాటు, ఇంటికి పంపాక కనీసం రెండు ఫోన్లు చేస్తూ చూశారు. మామూలు పద్ధతిలో చూసినవాళ్లతో పోలిస్తే ఆరు నెలల్లో ఆత్మహత్య ప్రవర్తనలు (ప్రయత్నాల లాంటివి) 45 శాతం తక్కువని 2018లో ప్రచురించారు. అదే సమయంలో, 'ఏమీ చేసుకోనని ఒట్టేయి' అని మాట తీసుకోవడం వల్ల ఉపయోగం ఉందని ఆధారాలు లేవు. ఆయనకు మళ్లీ ఆలోచన వస్తే, మాట తప్పుతున్నానన్న సిగ్గుతో మీ దగ్గరే దాస్తాడు.

హెల్ప్‌లైన్ గురించి అడిగారు. భారతదేశంలో టెలి మానస్ నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, 24 గంటలూ, ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉంటే 112. అమెరికాలో 2022 జులై నుంచి, కెనడాలో 2023 నవంబర్ నుంచి 988కు ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయొచ్చు, ఎమర్జెన్సీకి 911. బ్రిటన్, ఐర్లాండ్‌లలో సమారిటన్స్ నంబర్ 116 123, ఎమర్జెన్సీకి 999. ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ 13 11 14, ఎమర్జెన్సీకి 000. బాధలో ఉన్న మనిషే ఫోన్ చేయాలన్న నియమం లేదు. మీలా ఒకరి గురించి భయపడుతున్నవాళ్లు కూడా చేసి 'మా అన్నయ్య ఇలా అన్నాడు, ఎలా మాట్లాడాలి' అని అడగొచ్చు. నిజానికి ఈ రోజు ఆయన్ని కలవడానికి ముందే ఆ ఫోన్ చేయమని మా సలహా. ఆ ప్రశ్నను ఒకసారి పైకి పలికితే రెండోసారి గొంతు వణకదు.

ఫోన్ చేస్తే జరిగేది ఇది. మొదట రికార్డ్ చేసిన గొంతు రావచ్చు, భాష ఎంచుకోమనవచ్చు. కాసేపు లైన్‌లో వేచి ఉండాల్సి రావచ్చు. ఆ నిరీక్షణలోనే చాలామంది పెట్టేస్తారు, కాబట్టి అన్నయ్య చేసేటప్పుడు పక్కన కూర్చోండి. లైన్ తెగితే మళ్లీ చేయండి. ఎత్తినవాళ్లు ఇప్పుడు క్షేమంగా ఉన్నారా, చనిపోవాలన్న ఆలోచన ఉందా అని అడుగుతారు. అసలు పేరు చెప్పడానికి మనసొప్పకపోతే ఆ సంగతే వాళ్లతో అనొచ్చు. ఏం మాట్లాడాలో తోచనివాళ్లకు ఒక్క వాక్యం చాలు: 'నాకు బతకాలని లేదు, ఎవరితోనైనా మాట్లాడాలి.' ఎక్కువ ఫోన్లు మాట్లాడటంతోనే ముగుస్తాయి. ఆ క్షణంలోనే ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఎమర్జెన్సీ సేవలను పంపే ఏర్పాటు చాలా హెల్ప్‌లైన్లలో ఉంటుంది. ఆ సందేహం ఉంటే మొదట్లోనే 'ఎలాంటప్పుడు బయటివాళ్లకు చెబుతారు?' అని అడగండి, చెబుతారు. ఒకరితో మాట పొసగకపోతే పెట్టేసి మళ్లీ చేయండి, ఇంకొకరు ఎత్తుతారు.

ఇక కేసు భయం. భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం చికిత్స అందించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షా స్మృతి 309వ సెక్షన్ లాంటి సాధారణ నేరమే లేదు. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి.

డాక్టర్ దగ్గరకు మీరో వదినో వెంట వెళ్లండి. ఆయన గదిలోకి వెళ్లి 'నిద్ర పట్టట్లేదు' అని చెప్పి నిద్రమాత్రలతో బయటకు వచ్చే ప్రమాదం ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఉందన్న మాట డాక్టర్ చెవిన పడాలి. ఒక చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకెళ్లండి: ఏమన్నాడు, ఎప్పుడన్నాడు, నిద్ర ఎన్ని గంటలు, తాగుడు ఎంత. డాక్టర్ ఆయన విషయాలు మీకు చెప్పలేకపోవచ్చు, మీరు చెప్పేది మాత్రం వినగలరు. డిప్రెషన్‌కు మందులు మొదలుపెడితే గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారాల్లోనూ, మోతాదు మారినప్పుడూ స్థిమితం లేకపోవడం, చిరాకు, నిద్ర మరింత తగ్గడం కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పాలి. బాగుందని సొంతంగా ఆపేయకూడదు. అప్పుల విషయంలో లెక్కలు తెలిసిన మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టండి. మందు నిద్రను బాగుచేస్తుంది కానీ అప్పిచ్చినవాళ్ల ఫోన్లను ఆపదు.

మరో మాట, కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇన్నాళ్లు కుమిలిన మనిషి ఒక ఉదయం హఠాత్తుగా తేలికపడి, అందరితో ప్రేమగా మాట్లాడితే ఊపిరి పీల్చుకుని కాపలా వదిలేస్తారు. కారణం కనిపించని ప్రశాంతత కొన్నిసార్లు నిర్ణయం అయిపోయిందని చెప్పే గుర్తు. ఆ రోజు మళ్లీ అడగండి, అదే ప్రశ్న, అదే గొంతుతో. ఆసుపత్రిలో చేరి ఇంటికి వస్తే, ఆ తర్వాతి వారం, మొదటి మూడు నెలలు ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇదంతా మీరు ఒక్కరే మోయలేరు. వదిన, మీరు, ఆయన స్నేహితుడు ఒకరు, ముగ్గురూ వారాన్ని పంచుకోండి. ఎవరి వంతు రోజున వాళ్లు ఒకే వేళకు ఫోన్ చేయాలి. మీకు నిద్ర పట్టకపోతే అదే హెల్ప్‌లైన్‌కు మీకోసం కూడా చేయండి.

ఆయన ఫోన్ ఎత్తని రోజులు వస్తాయి. అప్పుడు 'ఎందుకు ఎత్తట్లేదు' అని పది మిస్డ్ కాల్స్ కాకుండా రెండు వాక్యాల మెసేజ్ పంపండి. శాన్ ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు, ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లి చికిత్స కొనసాగించని 843 మందిలో ఒక సగానికి అయిదేళ్లపాటు చిన్న చిన్న ఉత్తరాలు పంపించాడు. ఏమీ కోరలేదు, మందు రాయలేదు. మీరు బాగుండాలని అనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి అన్నంతే. ఉత్తరాలు అందినవాళ్లలో మొదటి రెండేళ్లూ ఆత్మహత్యలు తక్కువగా ఉన్నాయి. మీ మెసేజ్ కూడా అంతే ఉండాలి: 'అన్నయ్యా, ఇవాళ నువ్వు గుర్తొచ్చావు. జవాబు ఇవ్వక్కర్లేదు, శనివారం నేనే వస్తాను.' జవాబు రాకపోయినా శనివారం వెళ్లండి, వచ్చే వారం మళ్లీ పంపండి. అయితే సేఫ్టీ ప్లాన్‌లో మొదటి వరుస గుర్తులు కనిపిస్తున్న రోజుల్లో ఫోన్ మోగి మోగి ఆగిపోతే మెసేజ్‌తో సరిపెట్టకండి. ఆ ఇంటికి దగ్గర్లో ఉన్నవాళ్లను వెంటనే తలుపు తట్టమనండి.